పరీక్ష తప్పినా చుక్కల లెక్క తప్పలేదు

మార్కులు తక్కువొచ్చిన పిల్లల గురించి తల్లిదండ్రులు దిగులుపడుతుంటే మాకు రాధాగోవింద చంద్ర గుర్తొస్తారు.

ఆయన 1878లో, నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ దగ్గర బాగ్‌చర్‌లో పుట్టారు. బడిలో బెంగాలీ వాచకంలో అక్షయకుమార్ దత్త విశ్వం గురించి రాసిన పాఠం ఒకటుండేది. అమ్మభాషలో చదివిన ఆ పాఠమే ఆయన చూపును ఆకాశం వైపు తిప్పింది. చదువు మాత్రం సాగలేదు. మెట్రిక్‌తో సమానమైన ఎంట్రన్స్ పరీక్ష మూడుసార్లు తప్పారు. చివరికి జెస్సోర్ ఖజానాలో నాణేలు సరిచూసే చిన్న ఉద్యోగంలో చేరారు. నెల జీతం 15 రూపాయలు.

పగలు నాణేలు, రాత్రి చుక్కలు. 1910లో హేలీ తోకచుక్కను గమనించి బెంగాలీలో వ్యాసం రాశారు. అది చదివిన శాంతినికేతన్ ఉపాధ్యాయుడు జగదానంద రాయ్ టెలిస్కోపు కొనుక్కోమని ప్రోత్సహించారు. 1912లో ఇంగ్లండ్ నుంచి మూడంగుళాల టెలిస్కోపు తెప్పించుకున్నారు.

1918 జూన్‌లో, శ్రవణా నక్షత్రం ఉండే గరుడ మండలంలో, పటంలో లేని చుక్క ఒకటి ఆయన కంటపడింది. అది నోవా. అంటే కొత్తగా పుట్టిన చుక్క కాదు. జంటలోని చిన్న పాత చుక్క, తన తోడు నుంచి లాక్కున్న వాయువు పేలడంతో ఒక్కసారిగా భగ్గుమంటుంది. అదే రోజుల్లో మరికొన్ని దేశాల్లోనూ దాన్ని చూశారు. రాధాగోవింద తన పరిశీలనలను అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీకి పంపారు. అలా వెలుగు మారే చుక్కలను గమనించే అమెరికా సంఘంతో ఆయనకు అనుబంధం ఏర్పడింది. 1926లో ఆ సంఘం ఆయనకు ఆరంగుళాల టెలిస్కోపు పంపింది.

పక్క చుక్కలతో పోల్చి వెలుగు అంచనా కట్టడం, తేదీ, సమయం రాసుకోవడం ఆయన పని. 1954 వరకు అలా 37 వేలకు పైగా పరిశీలనలు నమోదు చేశారు. ఆ తర్వాత ఆ టెలిస్కోపు హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు చేతికి, ఆయన ద్వారా తమిళనాడులోని కావలూరుకు చేరింది. రాధాగోవింద మాత్రం 1975లో పశ్చిమ బెంగాల్‌లోని బారాసాత్‌లో పేదరికంలోనే కన్నుమూశారు.

ఆయనకు దారి చూపింది బడిలో అమ్మభాషలో చదివిన ఒక్క పాఠం. అందుకే ఉపాధ్యాయులకు మా మనవి: తెలుగు వాచకంలో ఆకాశం గురించిన పాఠం వస్తే పరీక్షకు రాదని వదిలేయకండి. తల్లిదండ్రులారా, ఆ రాత్రి పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లండి. తరగతిలో వెనకబడ్డ పిల్లవాడే ముందుగా చుక్కను గుర్తుపట్టొచ్చు.