John Cade అనే పేరు విన్నారా? వాడని వంటగదిలో ప్రయోగం.. మానసిక వైద్యాన్ని మార్చేసిన లిథియం కథ

లిథియం అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది సెల్‌ఫోన్ బ్యాటరీ, ఎలక్ట్రిక్ స్కూటర్. కానీ బ్యాటరీల్లోకి రాకముందే ఈ లోహం లక్షల మంది జీవితాలను నిలబెట్టింది. బైపోలార్ డిజార్డర్‌కు ఈ రోజుకీ డాక్టర్లు రాసే ముఖ్యమైన మందుల్లో లిథియం ఒకటి. ఆ సంగతి కనిపెట్టింది పెద్ద ల్యాబ్ కాదు, పెద్ద కంపెనీ కూడా కాదు. మూడున్నరేళ్లు యుద్ధ ఖైదీగా గడిపి ఇంటికొచ్చిన ఓ ఆస్ట్రేలియా డాక్టర్. ఆయన పేరు జాన్ కేడ్. ఆయన జీవితంలో గొప్ప విజయం ఉంది. దాన్ని వెంటాడిన ఓ మరణం కూడా ఉంది.

పిచ్చాసుపత్రి ఆవరణలోనే బాల్యం

జాన్ కేడ్ 1912 జనవరి 18న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మూర్టోవా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి డేవిడ్ ఆ ఊరి డాక్టర్. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలి, ఫ్రాన్స్ రంగాల్లో పనిచేసి తిరిగొచ్చాక ఆయన మునుపటి మనిషిలా లేరు. యుద్ధం మిగిల్చిన అలసటతో ప్రాక్టీస్ నడపలేకపోయారు. దాన్ని అమ్మేసి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఉద్యోగానికి చేరారు.

అలా జాన్, ఆయన సోదరులు పెరిగింది ఆసుపత్రి క్వార్టర్స్‌లోనే. సన్‌బరీ, బీచ్‌వర్త్, మాంట్ పార్క్.. తండ్రికి ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి. ఊళ్లో జనం భయపడి దూరంగా నడిచే మనుషులు ఆ పిల్లాడికి రోజూ కనిపించే ఇరుగుపొరుగు. మానసిక రోగి అంటే ముందు మనిషి అన్న సంగతి ఆయనకు పుస్తకం చదవకముందే తెలుసు.

మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మెడిసిన్ చదివి 21 ఏళ్లకే డాక్టరయ్యారు. ఉద్యోగం మొదట్లోనే రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా సోకి చావు అంచుల దాకా వెళ్లొచ్చారు. అప్పుడు తనకు సేవలు చేసిన నర్సుల్లో ఒకరైన జీన్‌నే 1937లో పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత తండ్రి దారిలోనే మానసిక వైద్యంలోకి వచ్చారు.

చాంగి జైలు.. మూడున్నరేళ్ల నరకం

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. కేడ్ సైన్యంలో డాక్టర్‌గా చేరి 1941లో సింగపూర్ వెళ్లారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. అప్పటి నుంచి 1945 సెప్టెంబర్ వరకు ఆయన చాంగి క్యాంపులో యుద్ధ ఖైదీ.

ఆ క్యాంపుల్లో తిండి అంటే ప్రధానంగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం. అదీ చాలీచాలనంత. బియ్యం పైపొరతో పాటు బీ1 విటమిన్, అంటే థయమిన్ పోతుంది. దాంతో ఖైదీల్లో బెరిబెరి వ్యాపించింది. కొందరికి కాళ్లు వాచాయి, కొందరికి మతి చెదిరింది. ఒంట్లో ఒక పదార్థం తగ్గినా, పెరిగినా మెదడు ఎలా తారుమారవుతుందో కేడ్ కళ్లారా చూశారు.

మెదడుకు వచ్చే జబ్బుకు కారణం ఒంట్లోని రసాయనాల్లో ఎందుకు ఉండకూడదు? ఇంటికొచ్చాక ఆయన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే.

వంటగదే ల్యాబ్, ఇంటి ఫ్రిజ్‌లో సీసాలు

యుద్ధం తర్వాత కేడ్ మెల్‌బోర్న్ శివార్లలోని బండూరాలో, మాజీ సైనికుల మానసిక ఆసుపత్రిలో చేరారు. అప్పటికి మానసిక రోగాలకు సరైన మందే లేదు. కరెంట్ షాక్, ఇన్సులిన్ ఇచ్చి కోమాలోకి పంపడం, మత్తు మందులు, గదిలో పెట్టి తాళం వేయడం. ఉన్న దారులు ఇవే. ఉన్మాదం తలకెక్కిన రోగి రోజుల తరబడి నిద్రపోడు, ఆగకుండా మాట్లాడతాడు, తిండి మానేస్తాడు. కొందరు అలా అలసిపోయే చనిపోయేవారు.

కేడ్‌కు గ్రాంటు లేదు, అసిస్టెంట్లు లేరు. ఆసుపత్రిలో వాడకుండా వదిలేసిన వంటగదినే ల్యాబ్ చేసుకున్నారు. ఉన్మాదానికి కారణం ఒంట్లో ఎక్కువైన ఏదో విష పదార్థం అయితే, అది మూత్రంలో కనిపించాలి కదా అన్నది ఆయన లెక్క. రోగుల మూత్రం సీసాల్లో పట్టి ఇంటి ఫ్రిజ్‌లో దాచేవారు. అదే ఫ్రిజ్‌లో పిల్లలు తాగే పాలు కూడా ఉండేవి. ఆ మూత్రాన్ని గినీ పిగ్స్‌కు ఇంజెక్ట్ చేసి చూశారు.

ఉన్మాద రోగుల మూత్రం ఎక్కించిన జంతువులు త్వరగా చనిపోయాయి. యూరియా చేసే హానిని యూరిక్ యాసిడ్ పెంచుతోందేమో అని కేడ్ అనుమానించారు. పరీక్షిద్దామంటే యూరిక్ యాసిడ్ నీళ్లలో కరగదు. బాగా కరిగే దాని లవణం లిథియం యూరేట్. అందుకే, కేవలం అందుకే, లిథియం ఆ వంటగదిలోకి అడుగుపెట్టింది.

ఇక్కడే ట్విస్ట్. లిథియం కలిశాక విషం పెరగాల్సింది పోయి తగ్గింది. ఒట్టి లిథియం కార్బొనేట్ ఎక్కించి చూస్తే, చీమ చిటుక్కుమన్నా ఎగిరిపడే గినీ పిగ్స్ రెండు గంటల్లో మెత్తబడ్డాయి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా అలాగే చూస్తూ ఉండిపోయాయి. కేడ్ మొదట అనుకున్న సిద్ధాంతం తప్పని తర్వాత తేలింది. ఆ జంతువుల మందకొడితనం కూడా బహుశా లిథియం డోసు ఎక్కువైన లక్షణమేనని ఇప్పటి నిపుణుల మాట. దారి తప్పింది, కానీ చేరిన చోటు మాత్రం సరైనదే.

ఐదేళ్ల ఉన్మాదం.. వారాల్లో మార్పు

మనుషులకు ఇచ్చే ముందు కేడ్ ఆ మందును తానే వేసుకున్నారు. తనకేం కాలేదని తేలాకే రోగుల దగ్గరకు వెళ్లారు. 1948 మార్చి 29న మొదటి డోసు ఇచ్చింది 51 ఏళ్ల ఓ రోగికి. ఐదేళ్లుగా ఉన్మాదంలోనే ఉన్న మనిషి. వార్డు మొత్తానికి తలనొప్పిగా పేరుపడ్డాడు. ఇక బాగుపడడని అందరూ వదిలేశారు.

కొన్ని రోజుల్లోనే ఆయన నెమ్మదించాడు. మూడు వారాలకు కోలుకుంటున్న రోగుల వార్డుకు మార్చారు. జులైలో ఇంటికి వెళ్లిపోయాడు. పాత ఉద్యోగంలో మళ్లీ చేరాడు.

కేడ్ మొత్తం 10 మంది ఉన్మాద రోగులకు, ఆరుగురు స్కిజోఫ్రెనియా రోగులకు, ముగ్గురు డిప్రెషన్ రోగులకు లిథియం ఇచ్చి చూశారు. ఉన్మాదం ఉన్నవాళ్లలో మార్పు స్పష్టంగా కనిపించింది. స్కిజోఫ్రెనియా రోగుల్లో కొందరి ఆందోళన తగ్గింది కానీ జబ్బు పోలేదు. డిప్రెషన్‌లో ఉన్నవారికి లాభం కనిపించలేదు. అంటే ఇది అందరినీ జోకొట్టే మత్తు మందు కాదు, ఒక జబ్బును గురి చూసి కొడుతోందన్నమాట. 1949 సెప్టెంబర్ 3న మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఈ వివరాలు అచ్చయ్యాయి.

ఆ మొదటి రోగి ఏమయ్యాడు?

ఇంటికెళ్లిన ఆ మనిషి బాగానే ఉన్నాను కదా అని మందు మానేశాడు. ఉన్మాదం తిరగబెట్టింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ లిథియం, మళ్లీ మెరుగు. కానీ ఈసారి ఒంట్లో లిథియం పేరుకుపోయింది. 1950లో ఆయన ఆ విషప్రభావంతోనే చనిపోయాడు. చరిత్రలో లిథియంతో కోలుకున్న తొలి ఉన్మాద రోగి ప్రాణం తీసింది కూడా లిథియమే.

లిథియంతో వచ్చిన చిక్కే ఇది. పనిచేసే డోసుకు, ప్రాణం తీసే డోసుకు మధ్య తేడా చాలా తక్కువ. రక్తంలో ఎంత ఉందో కొలిచే పద్ధతి కేడ్ దగ్గర లేదు. వాంతులు, వణుకు, తూలుడు చూసి అంచనా వేయడమే.

సరిగ్గా ఆ 1949లోనే అమెరికాలో మరో ప్రమాదం బయటపడింది. ఉప్పు తినకూడని గుండె జబ్బు రోగులకు ఉప్పు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. మూత్రపిండాలు సోడియంను, లిథియంను దాదాపు ఒకేలా చూస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గితే లిథియంను బయటకు పంపకుండా పట్టి ఉంచుతాయి. ఉప్పు మానేసిన వాళ్లకే లిథియం తినిపించారు. కొందరు చనిపోయారు. అక్కడ దాని అమ్మకం ఆపేశారు.

తన చేతి మీదుగా ఒక మరణం చూసిన కేడ్ కొంతకాలం లిథియం వాడకాన్ని పక్కన పెట్టేశారు. కనిపెట్టిన మనిషే వెనకడుగు వేశారు.

నిలబెట్టింది ఇంకొకరు

మందు బతికింది వేరేవాళ్ల పట్టుదలతో. మెల్‌బోర్న్‌లోనే నోయాక్, ట్రాట్నర్ వందకు పైగా రోగులకు లిథియం ఇచ్చి, రక్తంలో దాని మోతాదు కొలిచే పద్ధతితో భద్రత తెచ్చారు. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో పకడ్బందీగా పరీక్ష జరిపి అది పనిచేస్తుందని చూపించారు. 1967లో షౌ, బాస్ట్రప్ కలిసి, రోజూ వాడితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చెప్పారు. అమెరికా అనుమతి ఇచ్చేసరికి 1970 వచ్చింది. అంటే కేడ్ పేపర్ వచ్చిన 21 ఏళ్లకు.

ఇంత ఆలస్యం ఎందుకు? భయం ఒక కారణం. ఇంకొకటి డబ్బు. లిథియం ప్రకృతిలో దొరికే మూలకం. దాని మీద ఎవరికీ పేటెంట్ రాదు. లాభం లేని మందును మోసే కంపెనీ ఏముంటుంది?

తర్వాత పోరు మద్యంపై

1952లో కేడ్ మెల్‌బోర్న్‌లోని రాయల్ పార్క్ ఆసుపత్రి అధిపతి అయ్యారు. 1977లో రిటైరయ్యే వరకు అక్కడే. బ్రిటన్‌లోని ఆసుపత్రులు చూసొచ్చి, గదమాయించే పద్ధతి మాన్పించి, రోగులతో కూర్చుని మాట్లాడే పద్ధతి తెచ్చారు.

ఆ వార్డుల్లో ఆయన్ను కలవరపెట్టింది మద్యం. తాగుడుతో మతి చెదిరి వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. జబ్బు ముదరకముందే రోగులు తమంతట తాము వచ్చి చేరే వీలుండాలని ఆయన వాదించారు. తాగుడు మనిషిని ఆకలికి దూరం చేస్తుంది. పేగులు థయమిన్‌ను పీల్చుకోకుండా కూడా అడ్డుపడుతుంది. మెదడు చక్కెరను శక్తిగా మార్చుకోవాలంటే థయమిన్ కావాలి. అది లేకపోతే చూపు నిలవదు, నడక తూలుతుంది, అయోమయం కమ్ముతుంది. అప్పుడూ పట్టించుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

చాంగిలో తెల్ల బియ్యం చేసిన పనే ఇక్కడ సారా సీసా చేస్తోంది. ఇలాంటి రోగులకు థయమిన్ భారీ మోతాదులో ఇవ్వాలని కేడ్ 1972లో రాశారు. ఈ రోజు తాగుడు రోగి ఎమర్జెన్సీకి వస్తే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలు వైద్యం. 1991 నుంచి ఆస్ట్రేలియాలో బ్రెడ్ పిండిలో థయమిన్ కలపడం తప్పనిసరి. అది చూడటానికి కేడ్ లేరు. 1980 నవంబర్ 16న అన్నవాహిక క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.

1974లో షౌతో కలిసి ఓ అంతర్జాతీయ అవార్డు, 1976లో ఆస్ట్రేలియా ప్రభుత్వ గౌరవం దక్కాయి. నోబెల్ మాత్రం రాలేదు.

ఇప్పుడు వాడేవాళ్లకు..

భారత ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో లిథియం ఉంది. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అయితే 1950 నాటి పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది. రక్తపరీక్ష వాయిదా వేయొద్దు. మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలు పట్టుకున్నా లిథియం మోతాదు పెరిగిపోవచ్చు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఉప్పు ఒక్కసారిగా మానేయొద్దు. వాంతులు, చేతుల వణుకు, తూలుడు ఎక్కువైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, బాగానే ఉన్నాం కదా అని డాక్టర్‌ను అడగకుండా మందు ఆపొద్దు. కేడ్ మొదటి రోగి కథ మలుపు తిరిగింది సరిగ్గా అక్కడే.