ఊరే ఇంటిపేరైన బూర్గుల

మా అమ్మాయిని బడిలో వంశవృక్షం గీసి తెమ్మన్నారు. కాగితం పట్టుకుని నాయనమ్మ ముందు కూర్చుంది. సొంత అన్నదమ్ములకు రెండు ఇంటిపేర్లేమిటని తికమకపడి, ఒకటి కొట్టేయబోయింది. మా అత్తగారు ఆపి, చిన్నతాత పసితనంలోనే మేనత్త ఇంటికి దత్తత పోయిన సంగతి చెప్పారు. ఆ మాటలు వింటుంటే నాకు బూర్గుల రామకృష్ణారావుగారు గుర్తొచ్చారు.

బూర్గుల అన్నది వారి అసలు ఇంటిపేరు కాదు, తెలుసా? వారిది పుల్లంరాజు వారి కుటుంబం. ఇప్పుడు మా నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కల్వకుర్తికి దగ్గరలోని పడకల్‌లో 1899 మార్చి 13న పుట్టారు. తల్లి రంగనాయకమ్మ, తండ్రి నరసింగరావు. స్వగ్రామం షాద్‌నగర్ దగ్గరి బూర్గుల. సొంత ఊళ్ళో ఎవరినీ ఊరి పేరుతో పిలవరు. ఊరు దాటాకే మీదే ఊరని అడుగుతారు. ఆ జవాబే వారికి ఇంటిపేరుగా నిలిచిపోయింది. పుల్లంరాజు అని వెతికితే ముఖ్యమంత్రి దొరకరు, బూర్గుల అని వెతికితే పూర్వీకులు దొరకరు!

హైదరాబాదులో, పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొంది వకీలయ్యారు. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1950లో హైదరాబాద్ రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. కౌలుదార్లకు రక్షణనిచ్చిన చట్టం వచ్చింది ఆ ఏడాదే. 1952 ఎన్నికల్లో షాద్‌నగర్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆ పదవిలో ఉన్నారు. తర్వాత కేరళకు, ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేశారు. ఇన్ని పనుల మధ్య పారశీక కవిత్వాన్ని తెలుగు చేశారు. 1967లో కన్నుమూశారు.

ఆయన దగ్గర జూనియరుగా పనిచేసిన పి.వి. నరసింహారావుగారి బాల్యమూ ఇలాంటి ముడే. లక్నేపల్లిలో పుట్టి, దత్తపుత్రుడిగా వంగరకు వచ్చారు. కొంత చదువు కట్కూరులో బంధువుల ఇంట్లో ఉండి సాగించారు. ఆ రోజుల్లో పల్లెల్లో బడులు తక్కువ కనుక, బడి ఉన్న ఊళ్ళో చుట్టాలుంటే పిల్లలను వాళ్ళింట ఉంచేవారు. పాత కాగితాల్లో ఒక పిల్లవాడు వేరే ఇంట్లో కనబడితే, కన్నవాళ్ళు వదిలేశారని అనుకోకండి. చదువో, దత్తతో, తల్లి లేకపోవడమో, ఏదో కారణం ఉంటుంది. ఆ కారణం చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోవాలి. పుట్టిన ఊరు, స్వగ్రామం, పెరిగిన ఇల్లు, ఈ మూడూ విడివిడిగా రాస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మరి ఆడవాళ్ళ సంగతో? ఊరు మారి ఇంటిపేరు మారిన మగవారు అక్కడక్కడ కనిపిస్తారు. మనకు పెళ్ళితోనే రెండూ మారతాయి. మా అమ్మాయి గీసిన చెట్టులో నాయనమ్మ కొమ్మ దగ్గర పుట్టింటి పేరు ఖాళీగా ఉంది. పదిహేనేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నాం, నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, పేరు చెప్పి, ఆ వెనకే వాళ్ళమ్మ పుట్టింటి పేరూ చెప్పారు. కాగితం చాలక ఇంకోటి అతికించాల్సి వచ్చింది.