గిన్నె పగిలినా ఫర్వాలేదన్న డాక్టరమ్మ

గిన్నె పట్టుకుంటే ఒలకబోస్తారని, చాకు ముట్టుకుంటే వేలు తెగుతుందని, పొయ్యి దగ్గరికొస్తే కాలుతుందని మనం పిల్లల్ని వంటింటి గడప దగ్గరే ఆపేస్తాం. తీరా పదహారేళ్లొచ్చాక, ఇంత వయసొచ్చినా అన్నం వార్చడం రాదని మనమే దెప్పుతాం! నాలుగేళ్ల పిల్లల చేతికి వేడి సూపు గిన్నెలిచ్చి, పంక్తిలో అందరికీ వడ్డింపజేసిన ఒక డాక్టరమ్మ ఉంది. ఊరూరా చిన్నపిల్లల బడుల బోర్డుల మీద కనిపించే మాంటిస్సోరి అన్న పేరు ఆవిడదే.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే ఊళ్లో పుట్టింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్దె పుస్తకాలంటే ప్రాణం పెట్టే ఇల్లాలు. ఒక్కగానొక్క కూతురైనా తల్లి అతిగారాబం చెయ్యలేదు. బీదవాళ్ల కోసం రోజూ కొంత ఉన్ని అల్లించేది. నేల మీది పలకల్లో కొన్నింటిని తన వాటాగా ఎంచుకుని ఆ చిన్నపిల్ల తనే కడిగేదని చెబుతారు. పనిలో ఉన్న ఆ సంతోషాన్ని ఆమె పెద్దయ్యాక కూడా మర్చిపోలేదు.

తండ్రికి ఇష్టం లేకపోయినా మరియా వైద్యం చదివింది. మగపిల్లలతో కలిసి శవాన్ని కోసి చూడటం ఆడదానికి తగదన్నారు. అందరూ వెళ్లిపోయాక, ఒంటరిగా, శవాల మధ్య ఆ పాఠాలు నేర్చుకుంది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై బయటికొచ్చింది. ఇటలీలో అప్పటికి లేడీ డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

1898లో ఆమెకు కొడుకు పుట్టాడు. పేరు మారియో. తండ్రి ఆమెతో పనిచేసే డాక్టరే. కానీ పెళ్లి జరగలేదు. సంగతి బయటపడితే ఇంతకాలం పడ్డ శ్రమంతా నీళ్లపాలవుతుంది. అందుకని పసివాణ్ణి పల్లెటూళ్లో ఒక కుటుంబానికి అప్పగించారు. అప్పుడప్పుడు వెళ్లి చూసొచ్చేది, అంతే. తన తల్లి పోయాక, 1913 ప్రాంతంలో గానీ ఆ కొడుకు ఆమె ఇంటికి రాలేదు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. ప్రపంచంలోని పిల్లలందరి గురించీ ఆలోచించిన ఆ తల్లికి, తన బిడ్డ పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినిపించే భాగ్యం దక్కలేదు.

రోమ్‌లో సాన్ లోరెంజో అనే పేట ఉంది. కూలీనాలీ చేసుకునేవాళ్ల పేట. అమ్మానాన్నలు పనికి వెళ్తే పిల్లలు మెట్ల మీదా గోడల మీదా పడి అల్లరి చేసేవాళ్లు. కట్టిన గోడలు పాడైపోతున్నాయని ఆ ఇళ్ల యజమానులు ఒక గది చూపించి, ఈ పిల్లల్ని చూసుకోమని మాంటిస్సోరిని అడిగారు. అలా 1907 జనవరి 6న యాభై మంది దాకా పిల్లలతో పిల్లల ఇల్లు మొదలైంది.

అక్కడ బల్లలు, కుర్చీలు, అలమారలు అన్నీ పిల్లల ఎత్తుకు తగ్గట్టే ఉండేవి. చేతులు కడుక్కోవడం, నేల ఊడవటం, నీళ్లు ఒలక్కుండా పొయ్యడం, ఇవన్నీ పాఠాలే. ఆమె పద్ధతిలో నడిచిన బడుల్లో మధ్యాహ్నం భోజనం ఏర్పాటూ పిల్లలదే. నాలుగేళ్లవాళ్లు చెంచాలు సర్దేవాళ్లు, పళ్లెంలో అయిదేసి నీళ్ల గ్లాసులు పెట్టుకుని మోసుకొచ్చేవాళ్లు. గ్లాసులు నిజమైన గాజువి, కంచాలు పింగాణీవి. పగిలే వస్తువు చేతిలో ఉంటేనే కదా జాగ్రత్త అలవడేది! పగిలితే తిట్టడాలు ఉండవు. మగపిల్లలు, ఆడపిల్లలు అన్న తేడా అసలే లేదు.

1908 డిసెంబరు 28న మెస్సీనా అనే ఊళ్లో పెద్ద భూకంపం వచ్చింది. శిథిలాల్లో దొరికిన అరవై మంది దాకా పసివాళ్లను రోమ్‌లో క్రైస్తవ సన్యాసినుల మఠానికి చేర్చారు. తమ పేరేమిటో కూడా చెప్పలేని పిల్లలు. సరిగ్గా తినరు, నిద్రపోరు, రాత్రుళ్లు ఉలిక్కిపడి ఏడుస్తారు. అక్కడ కూడా మాంటిస్సోరి పద్ధతే పెట్టారు. బల్ల మీద గుడ్డ పరవడం, పళ్లేలు సర్దడం, వడ్డించడం ఒక్కొక్కటే నేర్పారు. మెల్లగా ఆ పిల్లలకు ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది, నవ్వులు తిరిగొచ్చాయి. నా చేతి అవసరం కూడా ఈ ఇంటికి ఉంది అన్న ధైర్యం ఎంత పెద్ద మందో చూడండి!

పెద్దపిల్లల కోసం ఆమె ఇంకో ఆలోచన చేసింది. పన్నెండేళ్లు దాటినవాళ్లు పొలం దగ్గర ఉండి పంట పండించాలి, చిన్న అంగడి, అతిథుల బస నడపాలి, జమాఖర్చులు చూసుకోవాలి అంది. ఎంతమందికి ఏం వండాలి, ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలు అక్కడ జీవితంలోనే వచ్చేస్తాయి.

ముస్సోలినీ ప్రభుత్వం ఆమె బడులు మూయించింది. దేశం విడిచిపెట్టి, 1939 చివర్లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయారు వచ్చింది. అప్పుడు మన వరంగల్ నిజాం ఏలుబడిలో ఉండేది, కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే మారియోను శత్రుదేశస్థుడని అహ్మద్‌నగర్‌లో నిర్బంధించారు. ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు వైస్రాయి అతణ్ణి విడిపించాడు. ఆ తర్వాత తల్లీకొడుకులిద్దరూ అడయారులో, కొడైకెనాల్‌లో ఉండి వెయ్యిమందికి పైగా మన టీచర్లను తయారు చేశారు. తర్వాతి రోజుల్లో విజయవాడలో కోటేశ్వరమ్మ గారు ఆ పేరుతోనే పిల్లల బడి, ఆడపిల్లల కళాశాల నడిపారు.

1952 మే 6న హాలెండ్‌లోని సముద్రపు ఒడ్డు ఊళ్లో మాంటిస్సోరి కన్నుమూసింది. 1990లో ఇటలీ తన వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ వేసింది.

ఆమె పేరు పెట్టుకున్న బడికి ఫీజు కట్టి పంపిస్తాం. కానీ ఆమె చెప్పిన పాఠం మాత్రం మన వంటింట్లోకి రాదు. మా కాశిబుగ్గలో సంక్రాంతికి సకినాలు పోసేటప్పుడు చూడండి. ఆడపిల్లలు చేతికి పిండి పూసుకుని గుడ్డ మీద చుట్లు తిప్పుతుంటారు, మగపిల్లలు మిద్దె మీద పతంగులు ఎగరేస్తుంటారు. వాళ్లను కూడా పిలిచి ఒక వరస పోయిస్తే పండగ తగ్గిపోతుందా?

మూడేళ్ల బుడ్డోడు కరివేపాకు దూస్తాడు, చింతపండులో గింజలు ఏరతాడు. అయిదేళ్లకు కంచాలు పెట్టి మంచినీళ్లు పోస్తాడు. ఎనిమిదేళ్లొస్తే పక్కన మనం నిలబడి చిక్కుడుకాయ ఈనెలు తీయించొచ్చు, మెత్తటివి కోయించొచ్చు. పదేళ్ల పిల్ల చేతికి వంద రూపాయలిచ్చి, ఆదివారం కూర, పప్పు, పచ్చడి ఏమిటో తననే రాసి తెమ్మనండి. తాను తెచ్చిన బీరకాయను వద్దనడానికి ఏ పిల్లకీ నోరు రాదు!

మొదట్లో పని రెట్టింపవుతుంది, నిజమే. పిండి నేల పాలవుతుంది, కూరలో ఉప్పు ఎక్కువవుతుంది. తుడవడానికి గుడ్డ వాళ్ల చేతికే ఇవ్వండి. ఆ రోజు కూర ఎలా ఉన్నా, ఇంట్లో మగవాళ్లతో సహా అందరూ వంక పెట్టకుండా తినండి.