లెవ్ లాండౌ - శీతల ద్రవంలో సుడులు

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొందరి జీవితాలు వారి సిద్ధాంతాలవలెనే మనలను ఆలోచింపజేస్తాయి. సోవియట్ భౌతికశాస్త్రజ్ఞుడు లెవ్ లాండౌ జీవితం అటువంటిది. దానిని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

లాండౌ 1908 జనవరి 22న కాస్పియన్ సముద్రతీరాన గల బాకు నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి చమురు పరిశ్రమలో ఇంజనీరు, తల్లి వైద్యురాలు. పదునాలుగవ యేటనే విశ్వవిద్యాలయంలో చేరి, 1927లో లెనిన్‌గ్రాడ్‌లో పట్టభద్రుడై, పిదప కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ సన్నిధిలో పరిశోధన సాగించాడు. తన వద్ద శిష్యరికం కోరి వచ్చేవారికి ఆయన పెట్టిన పరీక్షలు మిక్కిలి కఠినమైనవి. 1961 వరకు వాటిలో కృతార్థులైనవారు 43 మంది మాత్రమే.

1937లో ఆయన మాస్కోలో ప్యోత్ర్ కపిత్సా నడుపుతున్న పరిశోధనాలయంలో చేరాడు. ద్రవ హీలియంను మైనస్ 271 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే అది ఘర్షణ లేకుండా అతి సన్నని సందులగుండా ప్రవహిస్తుందని 1938 జనవరిలో కపిత్సా ప్రకటించాడు. అదే సమయంలో కేంబ్రిడ్జిలో ఆలెన్, మైసెనర్ కూడా ఈ సంగతి కనుగొన్నారు. దీనికే సూపర్‌ఫ్లూయిడ్ అని పేరు.

ఇంతలో విపత్తు వచ్చిపడింది. 1938 ఏప్రిల్‌లో స్టాలిన్ ప్రభుత్వం లాండౌను నిర్బంధించింది. నోరు మెదపడానికే జనులు భయపడే ఆ రోజులలో కపిత్సా స్టాలిన్‌కు, అటుపిమ్మట మొలొతోవ్‌కు లేఖలు వ్రాశాడు. ఈ హీలియం చిక్కును విప్పగలవాడు లాండౌ అని విన్నవించి, స్వయంగా పూచీ ఉండి, ఒక సంవత్సరానికి ఆయనను విడిపించాడు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. 1941లో లాండౌ తన సిద్ధాంతాన్ని వెలువరించాడు.

ఆ సిద్ధాంతం ప్రకారం ఘర్షణలేని ద్రవం పాత్రతోపాటు తిరుగరాదు. కాని 1950లో కేంబ్రిడ్జిలో పాత్రను తిప్పి చూడగా, హీలియం ఉపరితలం మామూలు నీటివలెనే నడుమ గుంట పడింది. 1949లో ఆన్‌సాగర్ సూచించి, 1955లో ఫైన్‌మన్ విస్తరించిన భావన ఈ చిక్కును తీర్చింది. ద్రవంలో సన్నని సుడులు పుడతాయి, ఒక్కొక్క సుడి బలం నిర్ణీతమైన ఒక ప్రమాణానికి పూర్ణాంక గుణిజంగానే ఉంటుంది.

1962 జనవరి 7న జరిగిన కారు ప్రమాదం లాండౌ మేధాశక్తిని హరించింది. ఆ సంవత్సరపు నోబెల్ బహుమతిని ఆయన మాస్కోలోనే అందుకున్నాడు. 1968 ఏప్రిల్ 1న కన్నుమూశాడు.

పదార్థం ఒక స్థితి నుండి మరొక స్థితికి మారేటప్పుడు అందులో క్రమం ఏ విధంగా ఏర్పడుతుందో 1937లోనే ఆయన చెప్పి ఉన్నాడు. ఆ భావనలు ఆయనతో అంతరించలేదు. మద్రాసులో 1932లో జన్మించిన టామ్ కిబుల్, విశ్వం తొలినాళ్లలో చల్లబడిన తీరును 1976లో ఆ వెలుగులోనే పరిశీలించాడు. 1985లో జురెక్ ఆ ఆలోచనను హీలియంకు అన్వయించాడు. డ్రిల్లు మాస్టరు లేని మైదానంలో విద్యార్థులు గుంపులు గుంపులుగా తమకు తోచిన దిక్కుకు బారులు తీరితే, గుంపులు కలిసేచోట వరుస చెడుతుంది గదా! హఠాత్తుగా చల్లబడిన ద్రవంలోనూ ఒక్కొక్క భాగం తన క్రమాన్ని తానే ఎంచుకొంటుంది. ఆ క్రమాలు పొసగని చోట్ల సుడులు మిగులుతాయి. ఎంత వేగంగా చల్లబరిస్తే అన్ని ఎక్కువ సుడులు. ఎదురుదిశలలో తిరిగే సుడులు కలిసినప్పుడు ఒకదానినొకటి హరించుకొని క్రమేణ పలుచబడతాయి. 1996లో గ్రెనోబుల్, హెల్సింకి నగరాలలో హీలియం-3పై జరిగిన ప్రయోగాలు ఇటువంటి సుడుల జాడను చూపాయి.

విద్యార్థులారా! గురువు ఆగినచోట విద్య ఆగదు, ఆయన వేసిన బాటననుసరించియే ఇతరులు ముందుకు సాగారు. అయితే ఆ బాట ఏర్పడినదే ఒక మిత్రుడు భయాన్ని జయించి చేసిన సంతకం వలన. విద్వత్తుతోపాటు ఆ ధైర్యమూ మీకు అలవడవలెనని మా ఆకాంక్ష.