పసిపిల్లల బడి నిలిపిన ఓబర్లిన్ పాదిరి గారు

1740లో స్ట్రాస్‌బర్గులో జన్మించిన ఓబర్లిన్ గారు 1767లో ఆల్సేస్ కొండలలోని వాల్డర్స్‌బాక్ అను గ్రామానికి కాపరిగా వెళ్లారు. పెద్దలు పొలానికి పోతే పసివారిని చూచే దిక్కు లేదు. సారా బాంజే అను యువతి పిల్లలను చేరదీసి అల్లిక నేర్పుతున్నదని విని, 1769లో ఆమెను జీతమిచ్చి నియమించారు. ఉత్త చేతుల సేవ ఎన్నాళ్లు సాగుతుంది! పిల్లలు అల్లుతూనే పాటలు, మొక్కల పేర్లు, ఫ్రెంచి భాష నేర్చుకొనేవారు. ఇండ్లలో మాట్లాడేది పల్లె యాస మరి. 1774లో సారా చనిపోయినా పని ఆగలేదు. పదిహేనేండ్లకే పాదిరి గారింట పనికి చేరిన లూయిజ్ షెప్లర్ ఆ భారం మోసింది. పాదిరి గారి పేరెరిగిన మేము ఈ ఆడపడుచుల పేర్లు ఆలస్యంగానే తెలుసుకొన్నాము. 1826లో ఓబర్లిన్ గారు ప్రభువునందు నిద్రించారు. 1829లో ఫ్రెంచి అకాడమీ లూయిజ్ గారికి 5,000 ఫ్రాంకుల బహుమానమిచ్చింది.