మన్రో గంగాళం వెనుక మనిషి

తిరుమలలో మన్రో గంగాళం పేరు మీరు వినే ఉంటారు. స్వామివారి పొంగలి నైవేద్యం కోసం ఒక తెల్లదొర ఇచ్చిన పెద్ద పాత్ర అది. ఆయనకు ఎంతకీ తగ్గని కడుపునొప్పి ఉండేదని, శ్రీవారి పొంగలి తిన్నాక తగ్గిందని మన పెద్దలు చెప్పుకుంటారు. రెండొందల ఏళ్ల నాటి ఆ నొప్పి ఏమిటో ఇప్పుడు నేను తేల్చలేను. కానీ ఆ దొర ఉద్యోగం చేసిన తీరు చదువుతుంటే నాకు మా ఓపీ గుర్తొస్తుంది. నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, తల బరువని వస్తారు. ఈసీజీ మామూలుగానే ఉంటుంది. ఆఫీసు ఎలా ఉందండీ అని అడిగితే చాలామంది మొదట చెప్పేది మేనేజర్ గురించే.

థామస్ మన్రో 1761లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు. చిన్నప్పుడు తట్టు సోకి వినికిడి కొంత దెబ్బతింది. తండ్రి వ్యాపారం చితికిపోవడంతో 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసు చేరారు. 1792లో సేలం వైపున్న బారామహల్‌లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడయ్యారు. రీడ్ తన సహాయకులకు ఒక్కొక్క భాగం అప్పజెప్పి, శిస్తు పని వాళ్ల చేతుల మీదే నడవనిచ్చాడు. మన్రో అక్కడ ఏడేళ్లు ఉన్నారు. తన పని మీద తనకు కొంత అధికారం ఉండడం ఆరోగ్యానికి ఎంత అవసరమో లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనాలు చూపించాయి. పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి.

1799లో మన్రోను కెనరాకు పంపారు. ఎడతెగని వాన, ఒంటరితనం, తెల్లవారింది మొదలు అర్ధరాత్రి దాకా చుట్టూ జనం. భోజనం వేళ తప్ప తనకంటూ సమయం లేదని ఇంటికి ఉత్తరాల్లో మొరపెట్టుకున్నారు. చివరికి బదిలీ అడిగి, 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టర్‌గా వచ్చారు. కడప, బళ్లారి, అనంతపురంతో పాటు కర్నూలులో కొంత భాగం ఆయన కిందికి వచ్చాయి. మన మదనపల్లె, వాయల్పాడు కూడా అందులోవే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అవి కడపలోనే ఉండేవి.

అక్కడ నలుగురు సబ్ కలెక్టర్లు ఆయన కింద పనిచేశారు. మన్రో మాత్రం కచేరీలో కూర్చోకుండా ఊరూరా గుడారం వేసుకుని తిరిగారు. వెంట సిపాయిలు ఉంటే రైతు దగ్గరికి రాడని, కాపలా లేకుండానే వెళ్లేవారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు సిగ్గేసింది. కొన్నేళ్ల క్రితం నైట్ డ్యూటీలో ఒక హౌస్ సర్జన్ చిన్న విషయానికి నిద్ర లేపిందని వార్డులో అందరి ముందూ కసిరాను. తర్వాత ఆ అమ్మాయి నన్ను లేపడం మానేసింది. ఒక రాత్రి ఒక రోగికి పొటాషియం బాగా పెరిగిన రిపోర్టు వచ్చింది. అది తెల్లవారేదాకా నా దగ్గరికి రాలేదు. రోగి బతికాడు, అదృష్టం. రిపోర్టు ఎందుకు ఆగిందని విచారిస్తే దోషం ఆ పిల్లది కాదు, నాది. మీ కింద పనిచేసేవాళ్లు మీకు చెడ్డ వార్త చెప్పడానికి జంకుతున్నారా అన్నది ఒకసారి చూసుకోండి. మీరు ఆఫీసర్ కాకపోయినా ఇంట్లో ఈ పరీక్ష పెట్టుకోవచ్చు.

మన్రోను దేవుణ్ని చేయనక్కర్లేదు. ఎనభై మంది పాలెగాళ్ల అధికారాన్ని బలంతోనే అణిచారు. ఆయన వేసిన శిస్తు భారమే. అయితే ఆ భారం ఎక్కువని 1807లో తనే రాసి, నాలుగో వంతు తగ్గించమన్నారు. కంపెనీ అప్పుడు వినలేదు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక తానే అమలు చేశారు.

గవర్నర్‌గా 1824 డిసెంబరులో ఆయన రాసిన ఒక నివేదిక ఈనాటి హెచ్ఆర్ వాళ్లు కూడా చదవదగ్గది. దేశీయ ఉద్యోగులకు చాలీచాలని జీతం ఇచ్చి, పైకెదిగే దారి మూసేసి, ఆ తర్వాత వాళ్లలో నిజాయితీ లేదనడం అన్యాయమని ఆయన వాదన సారాంశం. వైద్యంలో దీన్ని చాకిరీకీ ప్రతిఫలానికీ పొంతన లేకపోవడం అంటాం. ప్రతిఫలమంటే జీతం ఒక్కటే కాదు, గుర్తింపు, ఎదుగుదల కూడా. ఈ పొంతన చెడితే కుంగుబాటు, గుండెజబ్బు రెండింటి ముప్పూ పెరుగుతుంది.

కింది వాళ్ల గురించి ఇంత ఆలోచించిన మనిషి తన సంగతి చూసుకోలేకపోయారు. పదవి వదిలి వెళ్లిపోతానన్నా బర్మా యుద్ధం వల్ల ఆగాల్సి వచ్చింది. 1826లో భార్య, జబ్బుపడ్డ కొడుకును తీసుకుని ఇంగ్లండు వెళ్లిపోయింది. ఆయన కొత్త గవర్నర్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన్రోకు గంటల లెక్కే లేదు.

1827 వేసవిలో పాత జిల్లాల జనానికి వీడ్కోలు చెప్పడానికి బయల్దేరారు. దారిలో ఆయన దండులో కలరా పుట్టింది. జులై 6న పత్తికొండ చేరారు. పొద్దున బాగానే ఉన్న మనిషికి కాసేపట్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆ అవస్థలోనూ, జబ్బున్న గుడారంలో మీరు ఉండొద్దని పక్కనున్నవాళ్లను ఆయన వారించారట. రాత్రికి ప్రాణం పోయింది. కలరా నీళ్ల ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. లండన్‌లో జాన్ స్నో ఆ సంగతి చూపించింది 1854లో. ఇప్పుడైతే ఓఆర్‌ఎస్, అవసరమైతే సెలైన్ వేళకు పడితే నూటికి ఒక్కరు కూడా చనిపోరు.

దేహాన్ని గుత్తిలో ఖననం చేసి, తర్వాత మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించారు. సీమలో కొందరు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పత్తికొండలో ఆయన గుర్తుగా ప్రభుత్వం తోపు వేసి, రాతి మెట్ల బావి కట్టించింది. మెట్ల బావి అంటే జనం దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి బిందె ముంచుకునే బావి.