కరెంటు తీగలో పాట పంపిన జనరల్

మా ఇంట్లో రౌటర్ కింద హాల్లో ఉంటుంది, నా గది పైన. మధ్యలో ఒక స్లాబు, రెండు ఇటుక గోడలు. పైకి వచ్చేసరికి వైఫై నీరసించిపోతుంది. గోడలు తొలిచి కేబుల్ లాగడానికి నాన్న ససేమిరా అన్నారు. చివరికి రెండు చిన్న అడాప్టర్లు కొన్నాం. ఒకటి రౌటర్ పక్కన ప్లగ్గులో, ఇంకోటి నా గది ప్లగ్గులో పెట్టాం. అంతే, ఫ్యాను తిరిగే తీగలోంచే ఇంటర్నెట్ కూడా వచ్చేసింది. దీన్ని పవర్‌లైన్ నెట్‌వర్క్ అంటారు.

అసలు ఈ ఆలోచన ఎవరిదా అని వెతుక్కుంటూ పోతే 1910 దాకా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ నాకు కనిపించింది ఏ కంపెనీ ఇంజనీరో కాదు, యూనిఫాం వేసుకున్న ఒక అమెరికన్ సైనికాధికారి. పేరు జార్జ్ ఓవెన్ స్క్వయర్. ఆయన కథలో ఒక కోర్టు కేసు ఉంది. కోడ్ రాసే మనలాంటి వాళ్లం తెలుసుకోవాల్సింది అందులోనే ఉంది.

స్క్వయర్ 1865లో మిషిగన్ రాష్ట్రంలోని డ్రైడెన్ అనే పల్లెలో పుట్టాడు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివి 1887లో బయటికొచ్చాడు. బాల్టిమోర్‌లోని కోటలో పోస్టింగ్ వచ్చింది. అదే ఊళ్లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఉంది. చాలామంది అధికారులకు అది ఒక పోస్టింగ్ మాత్రమే. ఈయన మాత్రం ఉద్యోగం చేస్తూనే అక్కడ చదివి 1893లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. తరువాత సైన్యంలో కమ్యూనికేషన్లు చూసుకునే సిగ్నల్ కోర్‌లో చేరాడు.

ఆయనకి విమానాల పిచ్చి కూడా ఉండేది. సైన్యం మొదటి విమానం కొనేటప్పుడు దానికి ఏమేం ఉండాలో రాసిన పత్రం తయారీలో ఆయన చేయి ఉంది. 1908 సెప్టెంబరు 12న ఆర్విల్ రైట్ పక్కన కూర్చుని తొమ్మిది నిమిషాలు గాల్లో తిరిగాడు. సరిగ్గా అయిదు రోజులకి అదే విమానం కూలింది. ఆ రోజు ప్రయాణికుడిగా ఉన్న లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ చనిపోయాడు. ఆర్విల్ తీవ్ర గాయాలతో బయటపడ్డాడు. ప్రయాణికుల వరుస ఇంకోలా ఉండి ఉంటే మిగతా కథే ఉండేది కాదేమో.

ఇక అసలు విషయం. అప్పట్లో ఒక టెలిఫోన్ లైను మీద ఒక సమయంలో ఒక సంభాషణే నడిచేది. ఇంకొకరు మాట్లాడాలంటే ఇంకో లైను వేయాలి. రాగి తీగ ఖరీదు, స్తంభాల ఖరీదు. ఇంకోపక్క వైర్‌లెస్ వచ్చింది, కానీ ఆ తరంగాలు నలుదిక్కులా చెదిరిపోతాయి. స్క్వయర్ ఈ రెండింటినీ కలిపాడు. రేడియో తరంగాన్ని గాల్లోకి వదలకుండా తీగ వెంట నడిపిస్తే? తరంగం దారి తప్పదు, పాత సంభాషణకీ అడ్డం రాదు. ఎందుకంటే మాట ఉండేది కింది ఫ్రీక్వెన్సీల్లో, ఇది ఉండేది చాలా పైన. అవతలి వైపు ట్యూనింగ్ చేసి ఎవరిది వాళ్లు విడదీసుకోవచ్చు. దీనికి ఆయన పెట్టిన పేరు వైర్డ్ వైర్‌లెస్. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ అంతకంటే సూటిగా చెప్పలేం.

1910లో వాషింగ్టన్‌లో చేసి చూపించాడు. వాక్యూమ్ ట్యూబులు అప్పటికింకా పనికొచ్చే స్థితిలో లేవు. అందుకని చాలా వేగంగా తిరిగే ప్రత్యేకమైన ఆల్టర్నేటర్‌తో సెకనుకు లక్ష సైకిళ్ల దాకా తరంగం పుట్టించాడు. మామూలు సంభాషణ నడుస్తున్న లైను మీదే ఇంకో సంభాషణ నడిచింది.

నా గదిలో అడాప్టర్ చేసేదీ ఇదే పని. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అడాప్టర్ పంపే డేటా సుమారు 20 లక్షల నుంచి 2 కోట్ల 80 లక్షల సైకిళ్ల మధ్య ఉంటుంది. ఆ రెంటికీ మధ్య అంత దూరం ఉంది కాబట్టి ఫిల్టర్ తేలిగ్గా విడదీస్తుంది. ఇప్పటి అడాప్టర్ ఒక్క తరంగంతో సరిపెట్టుకోదు. ఆ స్థలాన్ని వందల సన్నని ఛానళ్లుగా కోసి, మిక్సీ వేసినప్పుడు రొద ఎక్కువైన ఛానళ్లలో బరువు తగ్గించి, బాగున్న వాటిలో ఎక్కువ ఎక్కిస్తుంది. అందుకే దాన్ని స్పైక్ బస్టర్‌లో కాకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాలి. స్పైక్ బస్టర్ ఆ పై ఫ్రీక్వెన్సీలనే చెత్త అనుకుని మింగేస్తుంది. త్రీ ఫేజ్ ఇళ్లలో రెండు గదులూ వేర్వేరు ఫేజుల మీద ఉంటే వేగం బాగా పడిపోతుంది.

మళ్లీ స్క్వయర్ దగ్గరికి. 1911 జనవరిలో ఆయనకు నాలుగు పేటెంట్లు వచ్చాయి. ఇక్కడే ఉంది మెలిక. 1883 నాటి ఒక చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ఫీజు కట్టకుండా పేటెంట్ తీసుకోవచ్చు. దానికి షరతు ఏమిటంటే, ఆ ఆవిష్కరణని ప్రభుత్వమూ, దేశంలో ఇంకెవరైనా కూడా రాయల్టీ ఇవ్వకుండా వాడుకోవచ్చు. స్క్వయర్ ఈ దారినే ఎంచుకున్నాడు. జనానికి కానుక ఇచ్చాడని పేరొచ్చింది. మన భాషలో చెప్పాలంటే రిపాజిటరీని పబ్లిక్ చేసి, ఎవరైనా వాడుకోండని లైసెన్స్ పెట్టేశాడు.

తరువాత యుద్ధం వచ్చింది. 1917లో ఆయన సిగ్నల్ కోర్ అధిపతి, మేజర్ జనరల్. విమానాల కోసం కాంగ్రెస్ ఒక్కసారిగా 64 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అనుకున్నన్ని విమానాలు అనుకున్న వేళకి రాలేదు. విమర్శలు ఆయన మీద పడ్డాయి. 1918లో విమాన విభాగాన్ని సిగ్నల్ కోర్ నుంచి తీసేశారు. అదే ఏడాది ఏటీ అండ్ టీ కంపెనీ బాల్టిమోర్, పిట్స్‌బర్గ్ నగరాల మధ్య ఒకే జత తీగల మీద మామూలు సంభాషణతో పాటు ఇంకో నాలుగు నడిపే వ్యవస్థ మొదలుపెట్టింది. కంపెనీ ఇంజనీర్లు దానికి సొంతంగా ట్యూబులు, ఫిల్టర్లు కలిపారు, నిజమే. కానీ తీగ వెంట తరంగాన్ని నడిపించే ఆలోచన తనదని స్క్వయర్ నమ్మకం.

ఆయన కంపెనీ మీద కేసు వేశాడు. తాను ఇచ్చిన అనుమతి ప్రభుత్వ పనులకే గానీ వ్యాపారం చేసుకునే కంపెనీలకి కాదని వాదించాడు. 1924లో కింది కోర్టు, 1925లో అప్పీలు కోర్టు రెండూ ఒప్పుకోలేదు. అందరికీ అని రాసి ఇచ్చాక ఆ అందరిలో ఏటీ అండ్ టీ కూడా ఉంటుందని తేల్చాయి.

ఇది చదివినప్పుడు మొదట నాకు ఆయన మీద జాలేసింది. లక్షల మంది చందాదారులున్న కంపెనీ లాభపడింది, ఆలోచన ఇచ్చినాయనకి ఏమీ రాలేదు. కానీ ఇంకోవైపు నుంచి చూస్తే, ఇచ్చిన మాటని నమ్మి ఒక చిన్న వర్క్‌షాప్ వాడు ఆ పద్ధతిలో ఏదో కట్టుకున్నాడనుకోండి. పదేళ్ల తరువాత వెనక్కి ఇచ్చేయమంటే వాడి గతేంటి? కంపెనీకి వర్తించే రూలే వాడికీ కాపలా. అందుకే నా ఓటు కోర్టుకే. మనం ప్రాజెక్టు అప్‌లోడ్ చేసేటప్పుడు లైసెన్స్ అన్న చోట కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కేస్తాం. ఆ ఒక్క క్లిక్కు బరువెంతో తెలియాలంటే స్క్వయర్ కథ చాలు.

ఆయన మాత్రం అక్కడితో ఆగిపోలేదు. అదే రోజుల్లో ఇంకో తీగ మీద కన్నేశాడు. ఫోను అందరిళ్లలో లేదు, కరెంటు మాత్రం వేగంగా వస్తోంది. 1922లో నార్త్ అమెరికన్ అనే పెద్ద కరెంటు కంపెనీకి ఆ హక్కులు ఇచ్చాడు. న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలండ్‌లో కరెంటు తీగల మీద ఇళ్లకి పాటలు, వార్తలు పంపి చూశారు. చందా కరెంటు బిల్లులోనే. కానీ ఈలోగా మామూలు రేడియో సెట్లు బాగుపడి, గాల్లో పాటలు ఉచితంగా రావడం మొదలైంది. ఇళ్లలో ఈ బేరం సాగలేదు. 1934లో ఆ సంస్థకి కొత్త పేరు కావలసి వచ్చింది. స్క్వయర్‌కి కొడాక్ అన్న పేరు ఇష్టం. మ్యూజిక్‌లో సగం, కొడాక్‌లో చివర కలిపి మ్యూజాక్ అన్నాడు. హోటళ్లలో, లిఫ్టుల్లో సన్నగా మోగే సంగీతానికి ఆ పేరే స్థిరపడిపోయింది. అదంతా చూడ్డానికి ఆయన లేడు. ఆ ఏడాది మార్చిలోనే న్యుమోనియాతో పోయాడు.

కరెంటు తీగ ఆలోచన మాత్రం పోలేదు. మన ఊళ్ల బయట 132, 220 కేవీ సబ్‌స్టేషన్లలో లైను మొదట్లో లావుపాటి చుట్ట ఒకటి కనిపిస్తుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. ఆ హైటెన్షన్ తీగ మీదే సబ్‌స్టేషన్లు ఒకదానితో ఒకటి సంకేతాలు పంపుకుంటాయి. ఆ సంకేతం స్టేషన్ యంత్రాల్లోకి పారిపోకుండా ఆపడమే దాని పని. ఈఈఈ వాళ్లని అడగండి, చూపిస్తారు.

స్క్వయర్‌కి పెళ్లి కాలేదు. సంపాదనలో కొంత పెట్టి సొంత ఊరు డ్రైడెన్‌లో ఒక తోట, మిల్లు, విశ్రాంతి భవనం ఏర్పాటు చేశాడు. డబ్బున్న వాళ్ల క్లబ్బుల్లాంటిదే, కాకపోతే పల్లెవాళ్లు ఎవరైనా రావచ్చు, రుసుము లేదు. ఆ కానుక విషయంలో ఆయన ఎవరితోనూ పేచీ పడలేదు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉన్న పార్కు.